పౌండు రత్నం మామ ఇంట్లో కల్లర పండగ

మా ఏసురత్నం మామ ఫోను చేస్తే ముందు ఆ రోజు పౌండు రేటు చెబుతాడు. తర్వాతే బాగున్నావా అని అడుగుతాడు. పోయిన నెలాఖరులో చేసినప్పుడు మాత్రం రేటు చెప్పలేదు. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను.

“పాపా, దొరసాని వస్తా ఉండాది. కల్లర పండగ పొద్దే వస్తాదంట. నువ్వొచ్చి ఇంగ్లీసు మాట్లాడల్ల,” అన్నాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. కర్ణాటకలో బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేటలో ఉంటాడు. గనిలో పనిచేశాడు, గని మూసేశాక ఇంట్లో కూర్చున్నాడు. నేను కుప్పంలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా బంధువుల్లో ఎవరికి ఇంగ్లీషు కావలసి వచ్చినా, మందుల చీటీ చదవడం దగ్గర్నుంచి నన్నే పిలుస్తారు. ఛార్జీలు కూడా నావే.

ఈ దొరసాని సంగతి చెప్పకపోతే నా ప్రయాణం మీకు అర్థం కాదు. మా తాత, అంటే మామ నాయన, గనిలో ఒక తెల్లదొర కింద పనిచేసేవాడు. దొరగారి రెండేళ్ళ పిల్లవాడు జ్వరంతో పోతే ఇక్కడే పాతిపెట్టారు. దొర ఇంగ్లండుకు వెళ్ళిపోతూ, బిడ్డ సమాధిని చూసుకొమ్మని తాతకు అప్పగించాడు. అందుకు నెలకు ఒక పౌండు. ఏడాదికి పన్నెండూ కలిపి క్రిస్మస్ ముందు పంపిస్తాడు. తాత పోయాడు, దొర పోయాడు. అక్కడ దొర కొడుకు, ఇక్కడ మా మామ. ఇప్పుడు ఆ కొడుకూ పోయాడు, అతని కూతురు హెలెన్ పంపుతోంది. ఇన్నేళ్ళలో ఆ డబ్బు ఒక్క ఏడాదీ తప్పలేదు, ఒక్క పెన్నీ పెరగలేదు.

ఊళ్ళో మామను ఎవరూ ఏసురత్నం అనరు. పౌండు రత్నం అంటారు. హెలెన్ మెసేజు పెట్టిందట, సమాధిని చూశాక ఇక పంపాలా వద్దా తేల్చుకుంటానని. పాస్టరుగారు చదివి చెప్పినప్పటి నుంచి మామకు నిద్ర లేదు.

“ఇంగ అది నిలిచిపోతే నేనెవుర్ని పాపా?” అన్నాడు ఫోనులో. నవ్వబోయి ఆగిపోయాను. ఆయన గొంతు అంత దీనంగా ఉంది.

నవంబరు రెండున పొద్దున్నే కుప్పంలో ప్యాసింజరు ఎక్కాను. మీరూ వెళ్ళాలనుకుంటే ఆదివారం, పండగ రోజు వద్దు, కూర్చోడానికి చోటు దొరకదు. నాకు కిటికీ పక్క సీటు దొరకలేదు గానీ ఎదురుగా ఒక మామిడి రైతు దొరికాడు. శ్రీనివాసపురం దగ్గర తోట ఉందట. పక్కాయన ఫోనులో వార్తలు చూస్తూ, రూపాయి ఇంకా పడిపోయిందని పెద్దగా చదివాడు.

“పడితే పడనీ సామీ,” అన్నాడు రైతు. “డాలరు లేస్తే గుజ్జు ఫ్యాక్టరీవోళ్ళకు లాభం. మా తోతాపురి కాయకు మాత్రం అదే రేటు. రూపాయి లేచినా అదే రేటు. మా మీద ఏ దేశం దుడ్డూ పనిచెయ్యదు.”

వార్తలు చదివే పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈ దేశంలో రూపాయి పడిందంటే పండగ చేసుకునేది మా మామ ఒక్కడేనని ఆ రైతుతో అన్నాను. అతను నమ్మలేదు.

బంగారుపేటలో దిగి ఇడ్లీ తిన్నాను. నలభై రూపాయలు, చట్నీ నీళ్ళు. బస్టాండులో రాబర్ట్‌సన్‌పేట బస్సు సిద్ధంగా ఉంది. కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, నాకూ ఆధార్ చూపిస్తే టికెట్టు లేదేమోనని ఆశపడి అడిగాను. కండక్టరు నా కార్డు తిప్పి చూసి, “ఆంధ్రమ్మా, మీకు దుడ్డే,” అన్నాడు. రెండు రాష్ట్రాల మధ్య కూడా మారకం రేటు ఒకటుందని తెలిసింది. నా ఆధార్‌కు కర్ణాటకలో విలువ సున్నా.

రాబర్ట్‌సన్‌పేట బజారంతా బంతిపూలు. కల్లర పండగంటే ఇక్కడి క్రైస్తవులు తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, మైనపు వత్తులు వెలిగించే రోజు. సున్నం పొట్లాలు, వత్తుల కట్టలు, కుంచెలు రోడ్డు మీదికే వచ్చేశాయి. సున్నం పొట్లం అడిగితే రెండింతలు చెప్పారు. చచ్చిపోయినవాళ్ళ కోసం బేరమాడేవాళ్ళు ఉండరని వాళ్ళ ధైర్యం. నేను ఆడాను, ఐదు రూపాయలు తగ్గించారు.

ఆటో అతన్ని ఆండర్సన్‌పేటకు ఎంతని అడిగితే, “యాడికి మ్మా, ఎవురింటికి?” అన్నాడు.

“ఏసురత్నం గారి ఇంటికి.”

“ఓ, పౌండు తాత ఇంటికా! ఎక్కు మ్మా. నూర్రూపాయిలు. ఒక పౌండు కూడా కాదు గదా!” అని తనే నవ్వుకున్నాడు. ఎనభైకి తెచ్చాను.

మామ ఇల్లు మీరొకసారి చూడాలి. మారకం రేటు చరిత్ర పుస్తకాల్లో చదివేవాళ్ళకు అది గణితం. ఇక్కడ అదే ఇల్లు, తలుపు, ఫ్యాను. తాత కాలంలో పౌండుకు పదమూడు రూపాయల ఐదణాల నాలుగు పైసలు. ఈ లెక్కను మామ ఇప్పటికీ ప్రభువు ప్రార్థన చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఆ డబ్బుతో ఏడాదికి ఒక సవర, అంటే ఎనిమిది గ్రాముల బంగారం కొని ఇంకా మిగిలేది. తర్వాత మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసింది. పౌండు ఇరవయ్యొకటి అయింది. దేశమంతా ఏడుస్తుంటే మావాళ్ళు వీధంతా బూందీ పంచారట. ఆ ఏడాది కట్టిన ప్రహరీకి ఇరవయ్యొకటి గోడ అని పేరు. దానికి తలుపు పెట్టేలోపల ఇంగ్లండువాళ్ళూ తమ పౌండు తగ్గించుకున్నారు. రేటు పద్దెనిమిదికి దిగింది. తలుపు లేక రెండేళ్ళు గోనెపట్టా వేలాడదీశారు.

బంగారం తాకట్టు పెట్టి దేశం పరువు దక్కించుకున్న కాలంలో రేటు నలభై దాటింది. అప్పుడు స్నానాలగదికి రేకు తలుపు వచ్చింది. దాని పేరు నలభై తలుపు. ఎనభై వచ్చినప్పుడు ఒక ఫ్యాను. వంద దాటినప్పుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ.

రేటు ఎక్కుతున్న కొద్దీ సామాను చిన్నదవుతోందని నేను వేలు పెట్టి చూపించాను. మామ ఒప్పుకోలేదు. “రేటు ఎక్కతా ఉండాది గదా పాపా,” అన్నాడు. “నాయిన కాలంలో పదమూడు, నా కాలంలో నూటపదైదు! నాయిన కంటే నేనెంత పైన ఉండానో చూడు.”

గ్రేసమ్మత్త వంటింట్లోంచే అందుకుంది. “మీ తాత తెచ్చిన బంగారు అమ్మి ముగ్గురు ఆడబిడ్డల పెండ్లిండ్లు చేసినారు. ఈయప్ప తెచ్చే దాంట్లో ముక్కుపుడక సీల కూడా రాదు. పొద్దున లేస్తే రేటు చూసినాకనే ప్రేయరు. ఇంగ్లండోళ్ళు ఓట్లేసి యూరప్ నుంచి విడిపోయిన పొద్దు పౌండు పడిపోయిందని ఈయప్ప రెండు పూట్లు కూడు తినలే. కూతురు మొగుణ్ణి విడిచొచ్చినా ఇట్ల చెయ్యరు.”

హెలెన్ బెంగళూరు నుంచి కారులో పదకొండు దాటాక దిగింది. అరవై ఏళ్ళుంటాయి, పెద్ద టోపీ, చేతిలో తెల్లపూల గుత్తి. మామ ఆమెను వంద కుర్చీలో కూర్చోబెట్టాడు. తాను నిలబడ్డాడు. గనిలో నేర్చిన ఇంగ్లీషంతా ఒక్కసారిగా బయటికి తీశాడు. “గ్రేవ్ ఫస్ట్ క్లాస్ మేడం. వైట్‌వాష్ ఫస్ట్ క్లాస్. ఆల్ షిఫ్ట్ డ్యూటీ మేడం.” ఆమె నా వైపు చూసింది. మూడు పూటలా చూసుకుంటాడని చెప్పాను. అంత అబద్ధం కాదు.

దొరల సమాధుల తోట, గని మట్టి పోసిన సైనైడ్ గుట్టల అవతల ఉంది. తుమ్మచెట్లు, ముళ్ళకంప, చెప్పులు గట్టివి వేసుకు వెళ్ళండి. పెద్ద పెద్ద రాళ్ళు పక్కకు ఒరిగిపోయాయి. వాటి మధ్య ఒకే ఒక్క చిన్న సమాధి పాలలాగా మెరుస్తోంది. చుట్టూ గడ్డి కోసి, ఇటుకలు వరసగా పేర్చి, మూలల్లో నాలుగు గన్నేరు మొక్కలు. మామను నేను ఎన్నోసార్లు వేళాకోళం చేశాను గానీ, ఆ పని చూసి మనసులో శెభాష్ అనుకున్నాను.

హెలెన్ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎన్నడూ చూడని పెద్దనాన్న, రెండేళ్ళ వయసులో ఆగిపోయినవాడు. లేచాక నాతో అంది, ఈ పనికి నెలకు ఒక్క పౌండు పంపుతున్నామని తలచుకుంటే సిగ్గేస్తోందని. వాళ్ళ ఊళ్ళో కారు గంటసేపు నిలపడానికే అంతకన్నా ఎక్కువవుతుందట. బ్యాంకుకు ఎప్పుడో నాన్న చెప్పిపెట్టిన ఏర్పాటు, అలా సాగిపోతోంది, ఎవరూ తిరిగి చూడలేదు. ఇకనుంచి ఇరవై పంపుతుందట.

మామకు చెప్పాను.

“నెలకా, ఏడాదికా? అడుగు!”

నెలకే అంది. మామ పెదవులు కదిలాయి, వేళ్ళు కదిలాయి. “రెండు వేల మున్నూరు!” అన్నాడు. పౌండు రత్నం పేరు నిలబడింది. ఇంకేం కావాలి? ఆ క్షణంలో బయలుదేరి వచ్చేసి ఉంటే ఇది మంచి విహారయాత్ర అయ్యేది.

కానీ ఆమె తెల్లపూల గుత్తిని రెండుగా విడదీసింది. సగం బిడ్డ తలాపున పెట్టింది. మిగతా సగం పట్టుకుని, ఈ పని మొదలుపెట్టినాయన ఎక్కడున్నాడని అడిగింది. ఈరోజు అందరూ తమవాళ్ళ దగ్గరికి వెళ్ళే రోజని కారు డ్రైవరు చెప్పాడట.

“మామా, తాత ఎక్కడని అడుగుతోంది.”

“పోయినాడని చెప్పు.”

“పోయాడని ఆమెకు తెలుసు. ఎక్కడ పెట్టారని అడుగుతోంది. పూలు పెడుతుందట.”

మామ ఆకాశం వైపు చూశాడు. “ఎండెక్కువ ఉండాది, ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దామని చెప్పు,” అన్నాడు. నేను అదే చెప్పాను. ఎండ ఫరవాలేదు, టోపీ ఉందని ఆమె అంది.

గని కార్మికుల సమాధుల తోటలో జాతరలా జనం. పిల్లలు బెలూన్లు, పెద్దలు సున్నపు బకెట్లు. మామ ముందు నడిచాడు, వెనక మేము. ఒక వరస చూశాడు. ఇంకో వరస చూశాడు. ఎవరో పలకరించారు. “ఏం పౌండు మామా, ఈ తోటలోకి ఎప్పుడొస్తివి? నీ డ్యూటీ ఆ తోటలో గదా!”

నిజమే, ఆయన డ్యూటీ ఆ తోటలోనే. రెండు తోటలకూ పండగ ఒకే రోజు. ప్రతి ఏడాదీ ఆ పొద్దంతా మామ దొరల తోటలో సున్నం కొట్టి, ఫోటో తీయించి, ఇంగ్లండుకు పంపేవాడు. తన నాయన సమాధి తమ్ముడు చూసుకునేవాడు. గని మూశాక తమ్ముడు హోసూరుకు పోయాడు, అక్కడే కన్నుమూశాడు. ఆ తర్వాత ఇటువైపు ఎవరూ రాలేదు. నేనూ రాలేదు, ఆయన నాకూ తాతే.

చివరికి మామ ఒక సమాధి ముందు ఆగి, “ఇదే,” అన్నాడు. కొత్తగా సున్నం కొట్టి ఉంది. హెలెన్ టోపీ తీసి వంగింది. అంతలో ఒక కుటుంబం వచ్చింది, చేతుల్లో బిర్యానీ క్యారియరు, వత్తుల కట్ట.

“ఏమ్మా, మా అవ్వకు మీరు పూలు పెడతా ఉండారు?” అంది వాళ్ళల్లో పెద్దామె.

హెలెన్ నన్ను చూసింది, నేను మామను చూశాను. మామ ఎవరినీ చూడలేదు. అక్కడినుంచి నాలుగడుగులు వేసి మట్టిదిబ్బల మధ్య చతికిలబడ్డాడు. అక్కడ కంచె పక్కన ఒక వరస మొత్తం పేరు లేని దిబ్బలే. కొయ్య సిలువలు పెట్టిన చోట చెదలు తప్ప ఏమీ మిగల్లేదు.

“ఈ వరసలోనే పాపా. ఈ వరసే. యాడనో మాత్రం తెలీదు,” అన్నాడు. “మర్చిపోయినా. మా నాయిన్ని మర్చిపోయినా.”

హెలెన్‌కు నేను విడమరిచి చెప్పనక్కర లేకపోయింది. ఆమె మామ పక్కనే నేలమీద కూర్చుంది. మెల్లగా, మీ నాన్నగారి సమాధి కట్టించండి, దానికీ నేనే పంపుతాను, అదే రేటు, అంది. మంచి మనసుతోనే అంది. నేను తెలుగులో చెప్పేసరికి మామ తల అడ్డంగా ఊపాడు.

“వద్దని చెప్పు. మా నాయినకు పౌండ్లు వద్దు. యాడ పెట్టినానో తెలీనోడికి ఏం రేటు కడతారు?”

చెప్పాను. ఆమె తల వంచుకుంది. మామ నా కొంగు పట్టి లాగి, గొంతు తగ్గించాడు. “ఆ ఇరవై మాత్రం వద్దనద్దు పాపా. అది బిడ్డది. అది వేరే లెక్క.”

ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, వొళ్ళూ మండింది. హెలెన్ మిగిలిన పూలు ఆ వరస మొదట్లో పెట్టి, ఇద్దరికీ చేతులు జోడించి, కారెక్కింది.

ఇంటికొచ్చాక గ్రేసమ్మత్త వడ్డించిన రాగిసంకటి, కోడిపులుసు మామ ముట్టలేదు. ఈసారి పౌండు పడలేదు, పైగా ఇరవై రెట్లయింది. అత్తకు ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని, “ఎన్నిసార్లు చెప్పినా, పోయి చూసి రాప్పా అని,” అని మాత్రం అంది.

సాయంత్రం చాంపియన్ స్టేషన్లో బంగారుపేట రైలు ఎక్కాను. పెట్టెలో ఖాళీ ఉంటుంది, కుడివైపు కూర్చుంటే సైనైడ్ గుట్టలు బాగా కనిపిస్తాయి. బంగారమంతా తీసుకుపోయాక మిగిలిన మట్టి అది, గుట్టలు గుట్టలుగా. పక్కన ఒక కాలేజీ అమ్మాయి, బెంగళూరులో పని దొరికిందట.

“ఏమి చూసినారు ఆంటీ మా ఊళ్ళో?” అంది.

“ఒక ఇల్లు చూశాను, రెండు తోటలు చూశాను,” అన్నాను.

“ఓ, పార్కులా?” అంది. నేను సరిదిద్దలేదు.

ఈ ఊరికి వెళ్ళే మీబోటివాళ్ళకు నేను చెప్పగలిగిందల్లా ఇది. ఖర్చు పెద్దగా ఉండదు, రానూపోనూ అంతా కలిపి మూడు పౌండ్లకు మించదు. చూడండి, నాకూ ఆ రోగం అంటుకుంది. రూపాయల్లో అయితే మూడు వందల చిల్లర. మన డబ్బుకు పరాయి దేశంలో విలువెంతని రోజూ చూసుకుంటాం గానీ, మనవాళ్ళకు మన దగ్గర ఏం విలువుందో ఏ పేపరూ రాయదు. అడిగేవాళ్ళూ లేరు. మా మామను అడగడానికి ఇంగ్లండు నుంచి మనిషి రావలసి వచ్చింది.

బంగారుపేటలో దిగేసరికి చీకటి పడుతోంది. ఇక్కడి పానీపూరీ నీళ్ళు తెల్లగా ఉంటాయి, ఘాటు మాత్రం నషాళానికి అంటుతుంది. తప్పకుండా తినండి. నేను రెండోది నోట్లో పెట్టుకోబోతుంటే గ్రేసమ్మత్త ఫోను.

“పాపా, మీ మామ ఇంట్లో లేడే. పక్కింటోళ్ళు చూసి చెప్పినారు. మళ్ళీ ఆ తోటకే పోయినాడంట.”

“ఎందుకట?”

“దేనికో చెప్పకుండా నా దగ్గర్నే దుడ్డు ఇప్పించుకొని వత్తులు కొనుక్కొని పోయినాడు. ఆ కంచె పక్క వరసలో పేరు లేని దిబ్బలన్నిటికీ ఒక్కో వత్తి ముట్టిస్తా ఉండాడంట. ఏందప్పా ఇది అంటే, యాదో ఒకటి మా నాయిందే గదా అంటాడంట.”

పూరీ చేతిలోనే మెత్తబడిపోయింది. బండివాడు ఇంకొకటి వెయ్యనా అని అడుగుతున్నాడు.

“వత్తులు సరిపోయాయా అత్తా?” అన్నాను.

“చాల్లేదంట. మళ్ళీ పంపమన్నాడు. నేనే తీసుకొని పోతా ఉండా.”